మీకు తెలుసా? హుక్కు విరిగే ముందు నోరు తెరుస్తుంది!

గుత్తి డీజిల్ షెడ్డు అనగానే రైలింజన్లే గుర్తొస్తాయి. ఇంజన్ భాగాలను పైకెత్తే క్రేను హుక్కు మీద మాత్రం ఎవరి చూపూ ఆగదు. 123 టన్నుల డబ్ల్యూడీజీ-3ఏ లాంటి గూడ్సు ఇంజన్‌ను విప్పాలంటే, టన్నుల కొద్దీ బరువు వేలాడేది ఆ వంకర ఉక్కు మీదే.

పగుళ్లు లేని మంచి హుక్కు ఉన్నట్టుండి విరగదు. ఎర్రగా కాల్చి, సమ్మెట పోటుతో మలిచిన ఉక్కు అది. మోయలేని బరువు పడితే ముందు మెల్లగా విచ్చుకుంటుంది. దాన్ని పసిగట్టడానికే చాలా హుక్కుల నోటికి అటొకటి, ఇటొకటి పంచ్ చుక్కలు కొట్టి ఉంచుతారు. కొత్తలో వాటి మధ్య దూరం రాసిపెట్టుకుని, తనిఖీ చేసినప్పుడల్లా కొలిచి చూస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం నోరు 5 శాతం గానీ, 6 మిల్లీమీటర్లు గానీ, ఏది తక్కువైతే అంత పెరిగితే చాలు, ఆ హుక్కు పనికిరాదు. అంటే 100 మిల్లీమీటర్ల నోరు 105కి వచ్చిందంటే తీసి పక్కన పెట్టాల్సిందే. గొలుసు ఒరుసుకునే చోట మందం పదో వంతు అరిగినా అంతే.

పగులు సంగతి వేరు. అది చెప్పి రాదు, గ్రీజు కింద దాక్కుంటుంది. హుక్కును శుభ్రంగా తుడిచి ఎర్రరంగు ద్రవం పూస్తారు. కాసేపాగి తుడిచేసి తెల్లటి డెవలపర్ చల్లుతారు. పగులు ఉంటే తెలుపు మీద సన్నటి ఎర్రగీత తేలుతుంది. నన్నడిగితే ఎక్కువ భయపడాల్సింది పైన నట్టు బిగించే మరల దగ్గర. అక్కడి పగులు హుక్కును పట్టి ఉంచే బ్లాకు విప్పితే తప్ప కనిపించదు. విప్పడానికేమో ఎవరికీ తీరిక ఉండదు.

అరిగిన చోట వెల్డింగుతో నింపేద్దామంటారు కొందరు. దయచేసి ఒప్పుకోకండి. ఆ వేడికి ఉక్కు గుణం మారి పెళుసెక్కవచ్చు. అప్పుడది ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది.

ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్నవారు క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పేది. రోజువారీ చూపు మాత్రం ఆపరేటరుదే. తాడిపత్రి పాలిషింగు యూనిట్లలో ఎత్తే గ్రానైటు ఘనమీటరుకు దాదాపు 2.7 టన్నులు తూగుతుంది. అంత బరువు హుక్కు కడుపులో కూర్చోవాలి. కొనమీద పడితే హుక్కు తన సామర్థ్యంలో సగం కూడా మోయలేదు. నోటికి అడ్డంగా ఉండే లాచ్ స్ప్రింగు పోతే, తీగ చుట్టి పని కానివ్వకండి. కొత్తది బిగించేదాకా క్రేను ఆపండి.