ప్లేడే నాటి డోలు, తాటి నీడన కల్లు

రామగుండం, గోదావరిఖని, రామగిరి ప్రాంతాల బొగ్గుగనుల్లో వారం పంచాంగాన్ని బట్టి గాక షిఫ్టులను బట్టి నడుస్తుంది. మూడు షిఫ్టుల మధ్య తిండి, నిద్ర, సంసారం, వినోదం అన్నీ సర్దుకోవలసిన కార్మికుడికి వారంలో గని పని ఆగే ఒక్కరోజే ఊపిరి తీసుకునే రోజు. దానినే సింగరేణిలో ‘ప్లేడే’ అంటారు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపొందిన ఈ సంస్థ పల్లెల నుంచి వేలాది కుటుంబాలను గనుల చెంతకు చేర్చినప్పుడు, ఆ కుటుంబాలు తమ వెంట తట్టాబుట్టనే గాక తమ కథలను, కొలుపులను, కల్లు రుచిని కూడా తెచ్చుకున్నాయి.

వాటిలో మొదట చెప్పదగినది ఒగ్గుకథ. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. దానిని మోగిస్తూ మల్లన్న, బీరప్పల కథలను డోలు, తాళాల తోడుతో రాత్రంతా ఆడి పాడి చెప్పే ఈ కళ ఈ గనులున్న పెద్దపల్లి జిల్లాలోనే ఓదెల మల్లన్న సన్నిధిలో నేటికీ కొలువులో భాగంగానే నిలిచి ఉంది. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి వంటి పొడులతో నేలపై ముగ్గు పరిచి ‘పట్నం’ వేసిన తరువాత సాగే ఈ కథలో పూజారే నటుడు, నటుడే గాయకుడు కనుక దీనిని పూజ అనాలో నాటకం అనాలో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఎదుట నిలిచి నవ్వించే విద్యకు బుర్రకథ చక్కని ఉదాహరణ. నడుమ తంబుర పట్టిన కథకుడు కథ నడుపుతుంటే, అతని కుడివైపు ‘రాజకీయ వంత’ నాటి పాలనను, లోకం తీరును ప్రశ్నిస్తాడు. ఎడమవైపు ‘హాస్య వంత’ చమత్కారంతో జనాన్ని నవ్విస్తాడు. వంత అంటే పాటను అందుకునే తోడుగాడు. ఎదురుగా కూర్చున్నవారి ముఖాలు చూసి మాట మార్చుకోగల ఈ వెసులుబాటు వల్లనే, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను కష్టజీవుల దగ్గరకు చేరే సాధనంగా ఎంచుకుంది. షేక్ నాజర్ వంటి కళాకారుడు దానిని తెలుగునేల అంతటా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్నాడు.

టెలివిజన్ వచ్చాక ఈ నవ్వు ఇంట్లోకి చేరింది. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ ద్వారా పేరు తెచ్చుకున్న సిరిసిల్ల ప్రాంతపు హాస్యనటుడు వేణు యెల్దండి, 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ సినిమాకు దర్శకత్వం వహించి, దాని పతాక సన్నివేశాన్ని కొమురమ్మ, మొగిలయ్య అనే జానపద కథాగాయక దంపతుల గొంతుపై నిలిపాడు. ఆ సినిమాను తెలంగాణ పల్లెలు కూడళ్లలో తెర కట్టుకొని కలిసి చూశాయి. నలుగురి మధ్య కూర్చొని నవ్వడం, ఏడవడం అనే పాత అలవాటు కొత్త తెర ముందు కూడా చావలేదని దీనివల్ల తేలింది.

ఈ కలయికకు తోడైన పానీయం కల్లు. మోకు బిగించి చెట్టెక్కిన గీత కార్మికుడు తాటి గెల చివరను కత్తితో పలుచగా చెక్కి లొట్టి కడతాడు. అందులో చుక్క చుక్కగా దిగే తీపి రసమే నీరా. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్టు వంటి సూక్ష్మజీవులు దానిలోని చక్కెరను పులియబెట్టగా కొన్ని గంటల్లోనే అది కల్లవుతుంది. బీరు కోసం బార్లీ గింజను మొలకెత్తించి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవాలి. తాటిచెట్టు ఆ చక్కెరను నేరుగా ఇస్తుంది. మత్తులో మాత్రం రెండూ దాదాపు సమానమే. అయితే మంచి కల్లు రేపటికి నిలవదు, పులుపెక్కుతుంది. అందుకే అది చెట్టు నీడలోనే, తాటాకు రేకలోనే ఎక్కువ రుచి.

చెట్ల కల్లు చాలని చోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మందులు కలిపి అమ్మే కల్తీ తెలంగాణలో ప్రాణాలు తీసింది. దానికి అలవాటుపడినవారు మానివేసినప్పుడు మూర్ఛలకు, మతిభ్రమణకు లోనవుతారు. చెట్టు కల్లయినా మితం తప్పితే చేటే. ఒకరి పొరపాటు పక్కవాడి ప్రాణం మీదికి వచ్చే గనిలోకి మత్తులో దిగడాన్ని నిబంధనలు నిషేధించడం అందుకే.

డోలుకు వినేవారు, లొట్టికి చెట్టు, నవ్వుకు ఎదుటి మనిషి లేకపోతే ఈ సంస్కృతి నిలవదు. తాటిచెట్లను నరకకుండా కాపాడుకోవడం, ఒగ్గు బృందానికి, బుర్రకథ దళానికి తగిన పారితోషికమిచ్చి పిలవడం, ప్లేడే నాడు కనీసం ఒక పూట బుల్లితెర కట్టేసి పిల్లలతో కలిసి వారి ఎదుట కూర్చోవడం గని ప్రాంతపు ప్రతి కుటుంబమూ చేయగల పనులే, చేయవలసిన పనులే.