అంకె వేసేదెవరు?

ఫ్యాక్టరీకి కొత్త యంత్రం కొనేటప్పుడు ధర, కచ్చితత్వం, భద్రత లాంటి అంశాలన్నీ కలిపి లెక్కగట్టే పద్ధతులున్నాయి. బాగా వాడుకలో ఉన్నది థామస్ సాటీ 1970లలో అమెరికాలో రూపొందించిన ఏ.హెచ్.పి. అంశాల్ని రెండేసి చొప్పున పోల్చి, ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె వెయ్యాలి. అందులోంచి ఒక్కో అంశానికి తూకం వస్తుంది. మార్కుల్ని తూకంతో గుణించి కూడితే యంత్రం తేలుతుంది. అంతా గణితమే గదా అనిపిస్తుంది. ఆ మొదటి అంకె వేసేదెవరన్నదే మా ప్రశ్న.

పవర్ ప్రెస్సునే తీసుకుందాం. చేత్తో రేకు పెట్టే రకం చవక. వేళ్లు పోయే ప్రమాదం ఎక్కువ. రేకు దానంతటదే జరిగే రకం ఖరీదు. ఉదాహరణకి మేం వేసిన మార్కులివి: చవకదానికి ధరలో 0.7, కచ్చితత్వంలో 0.4, భద్రతలో 0.2. ఖరీదైనదానికి వరసగా 0.3, 0.6, 0.8. ధర కచ్చితత్వానికి 2 రెట్లు, భద్రతకి 6 రెట్లు ముఖ్యమని మేనేజరు అన్నాడనుకోండి. తూకాలు 0.6, 0.3, 0.1 అవుతాయి, చవకది 0.56తో గెలుస్తుంది. మన వాడ నుంచి వెళ్లి ఆ ప్రెస్సు ముందు కూచునే కాంట్రాక్టు కుర్రాడిని అడిగితే? భద్రతకి 0.6, ధరకి 0.3, కచ్చితత్వానికి 0.1 అంటే ఖరీదైనదే 0.63తో గెలుస్తుంది.

సాటీ పద్ధతిలో పొంతన పరీక్ష కూడా వుంది. నిష్పత్తి 0.10 దాటితే అంకెలు మళ్లీ చూసుకోమంటుంది. మేనేజరూ నెగ్గుతాడు, కుర్రాడూ నెగ్గుతాడు. అది చూసేది ఒకడి మాటలు ఒకదానికొకటి కలిశాయా అనే, న్యాయమా కాదా అని కాదు.

ఇంతా చేసి పై పట్టికలో ఉపాధి అనే గడే లేదు. అది చేరిస్తే ఖరీదైన ప్రెస్సు మళ్లీ ఓడిపోవచ్చు కూడా.