పుట్టగానే ఏడ్వని బిడ్డ: మస్తిష్క పక్షవాతమును గూర్చిన అపోహలు, వాస్తవములు

నగరిలో మరమగ్గముల చప్పుడు వినిపించని వీధి అరుదు. అట్టి వీధిలో నొక నేతగాని యింట, 14 నెలల పసివానిని తల్లి చంకలక్రింద చేతులుంచి నిలువబెట్టగా నేను చూచితిని. పాదములు నేలను తాకినంతనే వాని కాళ్లు కత్తెరవలె ఒకదానిపై నొకటి పడెను. మడమలు నేలకానక మునివ్రేళ్లు మాత్రమే ఆనెను. కుడిచేతి బొటనవ్రేలు పిడికిటిలోపల మడతపడి, తల్లి యెంత సవరించినను వెలికి రాలేదు. కన్నులు మాత్రము ఆమె మొగమును విడువక వెంబడించుచుండెను. ఆమె నవ్విన వాడును నవ్వుచుండెను.

“పుట్టినప్పుడు ఏడ్వలేదు సామీ” అని ఆ తల్లి చెప్పినది. “గ్రహణం నాడు కడుపుతో బయట తిరిగింది, అంతే” అని వాకిట కూర్చున్న అవ్వ అనెను. “పుత్తూరులో కట్టు కట్టిస్తే సరిపోతాది” అని పొరుగింటాయన సలహా చెప్పెను. “ఆ డాక్టరును కోర్టుకు ఈడ్చాల” అని మేనమామ పండ్లు కొరికెను. తండ్రి యేమియు ననలేదు. ఆ మూడు మాటలును, ఆ మౌనమును నేటికిని నాకు మరపునకు రాకున్నవి. వానిలో మౌనమే మిక్కిలి ప్రమాదకరమని నాకు పిమ్మట తెలియవచ్చినది.

గ్రహణమునకును ఈ స్థితికిని ఎట్టి సంబంధమును లేదు. గర్భమునందుగాని, ప్రసవసమయమునగాని, పుట్టిన పిదప తొలి యేండ్లలోగాని ఎదుగుచున్న మెదడునకు తగిలిన దెబ్బవలన కదలికలును, కండరముల బిగువును అదుపు తప్పుటయే మస్తిష్క పక్షవాతము; వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అనునది దీనినే. నెలలు నిండక పుట్టుట, గర్భిణికి సోకిన అంటువ్యాధులు, పసికందునకు ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు, ప్రసవవేళ ప్రాణవాయువు చాలకుండుట మొదలగునవి దీనికి కారణములు. మేనరికమును గూర్చి వైద్యులు అడుగుటకు వేరొక హేతువు కలదు: జన్యులోపములచే వచ్చు కొన్ని జబ్బులు పైకి దీనివలెనే కనిపించును గనుక వానిని వేరుపరచుటకే ఆ ప్రశ్న. గ్రహణపు మాటను నేను తేలికగా తీసికొనజాలను. ఏలయన అది నేరమంతయు తల్లి నెత్తిన మోపి, ఆమెను బిడ్డతోకూడ ఇంటి లోపలి గదికి నెట్టివేయును.

పుత్తూరు కట్టు మాట అంతకంటె మెత్తనిది, సద్భావముతో చెప్పబడునది. విరిగిన యెముకకు కట్టు కట్టుటలో పుత్తూరునకు గల పేరు దేశమంతట తెలిసినదే. అయితే ఈ బిడ్డ యెముక విరుగలేదు, కీలు తొలగలేదు. కాలును బిగించు ఆజ్ఞ మెదడునుండి వచ్చుచున్నది. వెనుకటి తరమువారు దీనిని పోలియో అనియు భ్రమించెడివారు. పోలియోలో వెన్నుపాములోని నాడీకణములు నశించి కాలు వ్రేలాడబడును; ఇందు పెక్కుమందికి కాలు కట్టెవలె బిగియును. మెదడులోని గాయము పెరుగదు, కాని బిగిసిన కండరమును ప్రతిదినము సాగదీయనియెడల అది కురుచబడి, కాలు వంకరపోవును. చూచువారు “జబ్బు ముదిరింది” అనుకొందురు. నిజమునకు ముదిరినది మన ఆలస్యము. ఫిజియోథెరపీ, తగిన బూట్లు, వలసినప్పుడు శస్త్రచికిత్స, ఇవి ఎంత ముందుగా నారంభమైన అంత మేలు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రియు, రుయా ఆసుపత్రియు, ఎల్లకు ఆవల వేలూరు సి.ఎం.సి.యు నగరివారికి అందని దూరములు కావు. కాళ్లు రాని బిడ్డకు బుద్ధియు రాదనుట మరియొక పొరపాటు. కొందరికి బుద్ధిమాంద్యము ఉండుమాట నిజమే. అయినను మాట తడబడునంతమాత్రమున లోపల నున్న తెలివిని లేదనుట అన్యాయము.

ఇక మేనమామ మాట. ఏడ్వని బిడ్డ యనగానే ప్రసవము చేసినవారి తప్పని నిశ్చయించుట నేటి అలవాటు కాదు. 1861లో లండనులో విలియం జాన్ లిటిల్ అను శస్త్రవైద్యుడు కష్టప్రసవమునకును బిగిసిన కాళ్లకును గల సంబంధమును ప్రసూతి వైద్యుల సంఘమున విన్నవించెను. చాలకాలము దీనిని లిటిల్ జబ్బనియే పిలిచిరి. 1897లో, మనస్తత్వశాస్త్రముచే లోకప్రసిద్ధుడు కాకమునుపు నాడీవైద్యుడైన ఫ్రాయిడ్, ప్రసవము కష్టమగుటయే గర్భములో ముందు జరిగిన యేదో దోషమునకు ఫలితము కావచ్చునని సంశయించెను. ఆ సంశయమును దాదాపు నూరేండ్ల పిమ్మటి పరిశోధనలు బలపరచినవి: సంపన్న దేశములలో ప్రసవవేళ ఊపిరాడకుండుటవలన కలిగినవని చెప్పదగినవి పదింట ఒకటి మాత్రమే. మన దేశమున ఈ పాలు అంతకు హెచ్చని వైద్యులు చెప్పుదురు. సిజేరియన్ చేసినచో ఈ స్థితి రాదనుటయు నిజము కాదు. కోతలు ఎన్నో రెట్లు పెరిగిన దేశములలో ఇది ఆ మేరకు తగ్గలేదు.

అట్లని ప్రసవగదిలో తప్పే జరుగదని నేననను. నొప్పులు పెంచు ఇంజక్షనిచ్చి బిడ్డ గుండెచప్పుడును వినకుండుట, చప్పుడు తగ్గుచున్నను గంటలు గడపుట, ఏడ్వని బిడ్డకు తొలి నిమిషములో ఊపిరి అందించు ఏర్పాటు లేకుండుట, ఇవి విధివశమున జరుగునవి కావు. దేనివలన హాని కలిగినదో తేల్చుటకు ఒక్క గుర్తు చాలదు: నొప్పుల సమయమున గుండెచప్పుడు నమోదు, బొడ్డుతాడు రక్తములోని ఆమ్లత, అయిదవ, పదియవ నిమిషములలో బిడ్డ స్థితిని కొలుచు అప్గార్ అంకెలు, తొలి దినములలో మూర్ఛలు వచ్చెనా, పాలు చీకెనా అనునవి, పిదప తీయించిన ఎం.ఆర్.ఐ., ఇవి యన్నియు ఒకే కథ చెప్పవలెను. పుట్టిన మొదటి వారమంతయు హాయిగా పాలు త్రాగిన బిడ్డ విషయమున ప్రసవమును తప్పుపట్టుట కష్టము.

ఈ ఆధారములలో పెక్కు కాగితములపై నున్నవి; ఆ కాగితములకు ఆయుర్దాయము కలదు. 2002నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారము వైద్యుడు లోపలిరోగి రికార్డులను చికిత్స ప్రారంభమైననాటినుండి 3 ఏండ్లు భద్రపరచవలెను. అడిగినచో 72 గంటలలో ఇవ్వవలెను. బిడ్డ కూర్చుండలేదని, నిలువలేదని గుర్తించి, ఆసుపత్రులు తిరిగి, జబ్బు పేరు తెలిసికొనునప్పటికే రెండేండ్లు గడచుట మనయిండ్లలో మామూలు. కనుక కోర్టుకు పోవుదుమా మానుదుమా అను తర్కమును ప్రక్కనబెట్టి, కేసుషీటు, ప్రసవపు పట్టిక, పసికందుల వార్డు డిశ్చార్జి పత్రము కావలెనని దరఖాస్తు వ్రాసి, రెండవ ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకొనుట మొదటి పని.

తండ్రి మౌనమునకు కారణము సాయంకాలము తెలిసినది. “ఆపరేషనుకు ముందే సంతకం పెట్టేసినాను గదా, ఇంకేమి అడిగేది?” అని ఆయన మెల్లగా ననెను. సమ్మతిపత్రముపై చేసిన సంతకము చికిత్సకు ఒప్పుదలయే గాని నిర్లక్ష్యమునకు క్షమాపణ కాదు. 1995లో సుప్రీంకోర్టు, రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని తీర్పు చెప్పెను. కొందరివద్ద రుసుము గైకొని మరికొందరికి ఉచితముగా చేయు ఆసుపత్రులలో ఉచితరోగులకును ఆ హక్కు కలదు. 1998నాటి స్ప్రింగ్ మెడోస్ తీర్పు ఈ విషయమునకు మిక్కిలి దగ్గరిది: ఒక మందునకు బదులు వేరొక మందు ఎక్కించుటచే మెదడు దెబ్బతిన్న బాలునికి 12.5 లక్షలును, వాని నటుల చూచుచు బ్రదుకవలసిన తల్లిదండ్రులకు వేరుగా 5 లక్షలును ఇప్పించిరి. నిపుణుని సాక్ష్యము లేనిదే ఏ కేసును నిలువదను మాటకు 2010లో సమాధానము లభించినది. మలేరియా శాఖలో ఉద్యోగియైన కిషన్‌రావు అను ఆయన, తన భార్యకు వచ్చినది మలేరియా కాగా టైఫాయిడునకు చికిత్స చేసిరని పోరాడగా, ప్రతి కేసులోను నిపుణుని సాక్ష్యము తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు పలికెను. అయినను ప్రసవపు కేసులలో ఎరిగిన వైద్యుని అభిప్రాయము లేక ముందడుగు వేయుట మంచిది కాదని నా అభిప్రాయము.

ఎల్లనంటియున్న నగరివారికి 2019నాటి కొత్త వినియోగదారుల చట్టము ఒక గొప్ప సౌకర్యము కలిగించినది. ప్రసవము వేలూరులో జరిగినను, చెన్నైలో జరిగినను, ఫిర్యాదు తాము నివసించు జిల్లా కమిషనులోనే వేయవచ్చును. చెల్లించిన రుసుము 5 లక్షల లోపైనచో ఫిర్యాదునకు ఫీజు లేదు. గడువు రెండేండ్లు, తగిన కారణము చూపిన ఆలస్యమును మన్నించు అధికారము కమిషనునకు కలదు.

“సర్కారు ఆసుపత్రిమీద కేసేమి చెల్లుతుంది” అందురు. అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి వినియోగదారుల చట్టమునకు వెలుపల నుండుట నిజము. సివిలు న్యాయస్థానమునకు వెలుపల కాదు. తన వైద్యుల నిర్లక్ష్యమునకు ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని 1996లో సుప్రీంకోర్టు చెప్పినది. మైనరు పక్షమున తల్లిదండ్రులు దావా వేయవచ్చును. కాలపరిమితి చట్టము మైనరునకు ఇచ్చు మినహాయింపు 18 ఏండ్లు నిండిన పిదప గరిష్ఠముగా మూడేండ్లవరకు సాగును. స్త్రీలకును, పిల్లలకును, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము 1987నాటి చట్టము ఇచ్చుచున్నది. మేనమామ కోరిన జైలుమాట వేరు: 2005నాటి జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారము క్రిమినలు నేరమునకు సామాన్యమైన పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యము ఉండవలెను.

కేసు గెలిచినప్పటి మాట అటుంచి, తప్పు ఎవరిదని నిరూపింపనక్కరలేక దొరకునవియు కలవు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ స్థితి పేరుతోసహా చేరినది. ధ్రువపత్రము పొందినచో పింఛను, 18 ఏండ్లవరకు ఉచిత విద్య, నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకము క్రింద లక్ష రూపాయలవరకు ఆరోగ్యబీమా వీలగును.

నేను లేచునప్పటికి తల్లి బియ్యపు డబ్బా అడుగునుండి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితములు తెచ్చి నా ముందుంచినది. డిశ్చార్జి పత్రములో “పుట్టగానే ఏడ్వలేదు” అని ఒక్క ముక్క వ్రాసియుండెను. దాని క్రింద రెండు పంక్తులకు నీరు తగిలి సిరా అలుకుకొనిపోయినది. తండ్రి మగ్గము ఆపి వచ్చి, నేను చెప్పుచుండగా తెల్లకాగితముపై దరఖాస్తు వ్రాసికొనెను. తేదీ వేయునప్పుడు పంచాంగపు క్యాలెండరువైపు చూచి, బిడ్డకు మూడేండ్లు నిండుటకు ఎన్ని నెలలున్నవో వ్రేళ్లమీద లెక్కించెను.