బండి ఆగిందా? ముందు ‘ఎలా ఆగింది’ అని అడగండి

తొమ్మిదిన్నరకు పరీక్ష కేంద్రం గేటు మూసేస్తారు. టైమ్ తొమ్మిదీ ఐదు. ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇక మొదలు... సెల్ఫ్ బటన్ మీద పెట్టిన వేలు తీయరు, అది మొరాయిస్తే కిక్కు మీద కిక్కు. కాసేపటికి బ్యాటరీ కూడా చేతులెత్తేస్తుంది. అప్పటిదాకా ఉన్నది ఒక్క సమస్య. ఇప్పుడు రెండు.

బండిని రోడ్డు పక్కకు తీసి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఎలా ఆగింది? లైటు ఆర్పినట్టు టక్కున ఆగితే అనుమానం ముందు కరెంటు మీదికి పోవాలి. ఇంజిన్ కిల్ స్విచ్, ఫ్యూజు, వదులైన వైరు, ప్లగ్ క్యాప్... ఇవన్నీ ఆ కోవలోవే. అలాకాకుండా జెర్కులిస్తూ, పికప్ తగ్గుతూ తగ్గుతూ ఆగితే పెట్రోలు సరిగా అందట్లేదన్నమాట. పెట్రోల్ ఇంజిన్‌కి కావాల్సినవి నాలుగే: గాలి, పెట్రోలు, సరైన సమయానికి స్పార్కు, సిలిండర్‌లో కంప్రెషన్. బాగా నడుస్తున్న బండికి కంప్రెషన్ ఉన్నట్టుండి పోవడం అరుదు. కాబట్టి దారి మధ్యలో మన వెతుకులాట ఎక్కువగా పెట్రోలు, స్పార్కుల చుట్టూనే.

స్పానర్ పట్టకముందే

నవ్వొస్తుంది గానీ, చాలాసార్లు దోషి కిల్ స్విచ్చే. గ్లోవ్స్ తగిలో, బండి మీదెక్కిన పిల్లలు నొక్కితేనో అది ఆఫ్‌లో ఉంటుంది. చాలా కొత్త బళ్లలో సైడ్ స్టాండ్ దించి ఉంటే ఇంజిన్ స్టార్టవదు. స్టాండ్ దగ్గరి సెన్సర్‌కి బురద పట్టినా ఇదే తంతు. బండి పక్కకి పడితే ఇంజిన్ దానంతట అదే ఆగే సెన్సర్ కొన్ని మోడళ్లలో ఉంటుంది. అప్పుడు తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. ఇక పెట్రోలు... మీటర్‌ని నమ్మొద్దు, మూత తీసి కళ్లతో చూడండి. పాత బండైతే ట్యాపును రిజర్వ్‌కి తిప్పండి.

మూత తీశారు కాబట్టి ఇంకో సంగతి. ట్యాంకులో పెట్రోలు కిందికి దిగుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరాలి. దానికి మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పెట్రోలు దిగడం తగ్గుతుంది. బండి కొన్ని కిలోమీటర్లు హాయిగా పోయి ఆగుతుంది, కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్టవుతుంది, మళ్లీ ఆగుతుంది. మూత తీయగానే ‘సుయ్’మని గాలి లోపలికి వెళ్లి, ఆ తర్వాత బండి స్టార్టయితే దొంగ దొరికినట్టే. కార్బొరేటర్ మార్చాలని బిల్లు రాయించుకునే ముందు ఈ పరీక్ష చేయండి, ఖర్చు సున్నా.

కార్బొరేటర్ వేరు, ఇంజెక్షన్ వేరు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. వీటిలో వినడం ముఖ్యం. కిల్ స్విచ్ ఆన్‌లో ఉంచి తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు పంపు సన్నగా మోగుతుంది. ఆ చప్పుడు లేకపోతే ముందు ఫ్యూజు చూడండి. ఇంజిన్ లైటు ఆరకుండా ఉంటే కంప్యూటర్ ఏదో తప్పు పట్టుకుందని అర్థం, అది సర్వీస్ సెంటర్ పని. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇలాంటి బండిని తోసినా లాభం ఉండదు, ఎందుకంటే పంపుకీ కంప్యూటర్‌కీ కూడా కరెంటు కావాలి.

పాత బండైతే ప్లగ్ విప్పి చూడొచ్చు. ఇంజిన్ కాలిపోతుంటుంది, గుడ్డతో పట్టుకోండి. ప్లగ్ పెట్రోలుతో తడిసి ఉంటే ఓవర్‌ఫ్లో అయినట్టు, లేదా స్పార్కు రానట్టు. ఆరబెట్టి బిగించి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొట్టండి. ఎన్ని కిక్కులు కొట్టినా పొడిగానే ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదు. నల్లగా మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక బాగా నడిస్తే ఇగ్నిషన్ కాయిల్‌నో, టైట్‌గా ఉన్న వాల్వులనో అనుమానించాలి. అది రోడ్డు మీద తేలే వ్యవహారం కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం స్టార్ట్ చేసే ప్రయత్నమే వద్దు. వాన నీటిలో దిగినప్పుడు ఆగిందా? ఎయిర్ ఫిల్టర్ దాకా నీళ్లు వెళ్లి ఉంటే సిలిండర్‌లోకీ చేరి ఉండొచ్చు. నీరు పెట్రోలు ఆవిరిలా నలగదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి, వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

ఇవన్నీ చూడ్డానికి పది నిమిషాలు చాలు. అప్పటికీ కదలకపోతే దగ్గర్లోని పెట్రోలు బంకులో అడిగి బండి పెట్టండి. సీటు కింద హాల్ టికెట్ ఉంటే తీసుకుని ఆటో ఎక్కండి.

ఇంటర్వ్యూలోనూ ఇదే ప్రశ్న

మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లని ‘బండి దారిలో ఆగిపోయింది, ఏం చేస్తావ్?’ అని అడిగే అవకాశం ఎక్కువ. ‘ప్లగ్ మారుస్తానండీ’ అన్నారంటే ఊహించి చెప్పినట్టు. ‘ఎలా ఆగింది, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, వానలో తడిసిందా అని అడుగుతాను. తర్వాత విప్పకుండా చూడగలిగినవి చూస్తాను. ఒకసారికి ఒకటే మార్చి చూస్తాను’ అంటే వినేవాళ్లు కాస్త ముందుకు వంగుతారు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ‘సైట్ ఓపెన్ కావట్లేదు’ అన్నా జవాబు ఈ వరుసలోనే నడుస్తుంది.

దీని వెనకే ఇంకో ప్రశ్న రావచ్చు: ‘ప్లగ్ శుభ్రం చేశావు, బండి స్టార్టయింది. కస్టమర్‌కి ఇచ్చేస్తావా?’ ఇచ్చేస్తానంటే దొరికిపోయినట్టే. మసి ఎందుకు పట్టిందో ఇంకా తేలలేదు కాబట్టి ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తానని, ఒక రౌండు నడిపి ఇంజిన్ వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూస్తానని చెప్పండి.