మోటారుబండి ఊపిరి

కడప పట్టణమునుండి కమలాపురము, ఎఱ్ఱగుంట్లల మీదుగా జమ్మలమడుగు వైపు వేసవిలో ప్రయాణము చేయువారికి ధూళి చిరపరిచితము. ఈ సీమలో వానలు తక్కువ. ఎండకాలమున వేడిమి 40 డిగ్రీలు దాటును. చేలు బీటలువారి మన్ను పొడియగును. ఆ ప్రాంతమున నాపరాతి గనులును, సిమెంటు కర్మాగారములును కలవు. బండలను మోయు లారీ ఒకటి సాగిపోయినచో వెనుక లేచిన దుమ్ము చాలసేపటివఱకు అణగదు. బాటసారి ముక్కునకు తువాలు అడ్డము పెట్టుకొని ముందుకు నడచును. వానిని దాటిపోవు కారునకు కూడ ఆ గాలియే గతి. అదియు దానినే పీల్చవలెను.

కారు గాలిని పీల్చుట యేమని ఆశ్చర్యపడ నక్కఱలేదు. గాలి లేనిదే పెట్రోలు మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 15 కిలోల గాలి కావలెను. అనగా ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9,000 లీటర్ల గాలి. ట్యాంకులోని 35 లీటర్ల పెట్రోలు అయిపోవునప్పటికి ఇంజను మూడు లక్షల లీటర్లకు పైగా గాలిని పీల్చియుండును. ఆ గాలితోపాటు ధూళియు లోపలికి పోయినచో జరుగు నష్టము సామాన్యమైనది కాదు.

ఇంజనులో సిలిండరు అను గొట్టమునందు పిస్టను నిమిషమునకు వేలసార్లు పైకిని క్రిందికిని కదలుచుండును. ఆ రెంటికిని నడుమ నుండు సందు వెండ్రుకవలె సన్ననిది. అందు పలుచని నూనెపొర మాత్రమే వానిని ఒరయకుండ కాపాడును. మట్టిధూళిలో కంటికి కనబడని ఇసుకరేణువులు కలవు. ఇవి ఇనుముకంటె గట్టివి. అవి ఆ సందున చిక్కుకొన్నచో సానరాయివలె లోహమును అరగదీయును. క్రమముగా ఇంజను బలము తగ్గును, నూనె మండి నీలిరంగు పొగ వచ్చును, తుదకు ఇంజనును విప్పవలసివచ్చును. కారును బాడుగకు త్రిప్పి కుటుంబమును పోషించుకొనువానికి ఇది పెద్ద దెబ్బ. మరమ్మతు ఖర్చు ఒకటి. బండి నిలిచిపోయిన దినముల రాబడి పోవుట మఱియొకటి.

ఈ కీడును ఆపునది గాలి వడపోత. దీనినే ఎయిర్ ఫిల్టరు అందురు. పల్లెలలో కుండమూతికి పలుచని గుడ్డను వాసెన కట్టి నీరు వడపోయుదురు గదా! ఇదియు అట్టిదే. పూర్వపు జీపులలో గాలిని నూనెతొట్టి మీదుగా మళ్లించెడివారు. ధూళి ఆ నూనెకు అంటుకొనెడిది. నేటి కార్లలో మడతలు పెట్టిన దళసరి కాగితము ఆ పని చేయుచున్నది. మడతల వలన చిన్న పెట్టెలోనే ఎక్కువ కాగితము ఇముడును.

ఈ వడపోతను ఇంటివద్దనే మార్చుకొనవచ్చును. బండిని సమతలముపై నిలిపి, చేతిబ్రేకు వేసి, ఇంజను చల్లారనీయవలెను. పలు కార్లలో వడపోత ఇంజనుప్రక్క నల్లని పెట్టెలో ఉండును. మొదట ఆ పెట్టె పైభాగమును తడిగుడ్డతో తుడువవలెను. లేనిచో మూత తీయగనే ఆ దుమ్మే లోపల పడును. పిమ్మట బిగింపులను వదలించి, వడపోత ఏ ప్రక్కకు తిరిగియున్నదో గమనించి, మెల్లగా పైకి తీయవలెను. దానిని వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో కాంతి ఆవలికి రాకున్నను, కాగితము చిరిగియున్నను క్రొత్తది వేయవలెను. పెట్టె అడుగునగల మన్నును తుడిచి, ఇంజనులోనికి పోవు గొట్టమున ఏమియు పడకుండ చూచి, క్రొత్తదాని రబ్బరు అంచు సరిగా కూర్చునునట్లు అమర్చి మూత బిగింపవలెను. అంచున సందు మిగిలినచో వడపోత ఉండియు లేనట్లే. సాధారణముగా ఇది పావుగంట పని. వెలయు కొన్ని వందల రూపాయలే.

ఇక్కడ రెండు పొరపాట్లు తఱచుగా జరుగును. కాగితపు వడపోతను నీటితో కడుగుట, రాతిపై మోదుట, గట్టిగా గాలికొట్టుట మొదటిది. దీనివలన కాగితమునకు కంటికి కనబడని రంధ్రములు పడును. రెండవది, భయముచే వారమునకొకసారి దానిని విప్పుట. కొంత ధూళి పట్టిన కాగితము క్రొత్తదానికంటె సన్నని రేణువులను బాగుగా ఆపును; మాటిమాటికి విప్పుటచే దుమ్ము లోపలికి జాఱును. కారుతో వచ్చు పుస్తకములోని గడువే ప్రమాణము. దుమ్ముదారులలో తిరుగు బండికి మాత్రము ఆ గడువునకు ముందే చూడవలెను.

గాలికి వలెనే నూనెకును వడపోత కలదు. 1923లో అమెరికా దేశస్థుడు ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ మోటారుబండ్లకు దీనిని రూపొందించెను. నూనె మార్చినపుడు దీనిని కూడ మార్చుట మేలు. అయితే ఈ పనికి సాధారణముగా బండి క్రిందికి దూరవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి పోవుట ప్రాణాపాయము. తగిన ఆధారములు లేనివారు దీనిని మెకానిక్కునకే విడువవలెను. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయుటయు అట్టి ప్రమాదమే. మరుగునీరు ముఖముపైకి చిమ్మును.

తీసిన పాతనూనెను నేలపై పాఱబోయరాదు. అది భూమిలోనికి ఇంకి బావినీటిని చెఱచును. చుక్కనీటికి వందల అడుగుల లోతున బోరు వేయు సీమలో ఇంతకంటె తప్పు వేఱొకటి లేదు. దానిని డబ్బాలో పోసి, పాతనూనెను సేకరించువారికి అప్పగింపవలెను. అనుమతి పొందిన శుద్ధికేంద్రములకే అది చేరవలెనని 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి.

వారమున కొకసారి నూనెమట్టము, చల్లార్చు ద్రవము, టైర్ల గాలి చూచుకొన్నచో చాలును. టైర్ల గాలిని బండి నడువకముందు, అవి చల్లగా నున్నపుడు కొలువవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. కడప ధూళిని ఆపుట ఎవరి తరమును కాదు. అది ఇంజనులోనికి పోకుండ ఆపుట మాత్రము ప్రతి యజమాని చేతిలోను కలదు.