నైలు ఒడ్డున మంజీరా కథ

మేము ఈజిప్టు వెళుతున్న సంగతి బీర్కూరులో తెలిసిన మరునాడే, మా వీధి చివర అరుగుమీద కూర్చునే పెద్దాయన నన్ను ఆపాడు.

"ఏంది సారూ, గంత పైస పెట్టి పోతున్నరట! ఆడ ఏమున్నది? రాళ్ళే గద!"

నవ్వి ఊరుకున్నాను. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నాను గాని, ఆ పెద్దాయనకు చెప్పదగిన జవాబు మాత్రం నాకు తట్టలేదు.

నిజానికి ఈజిప్టు మీద నాకు పదేళ్ళప్పుడే మనసు పడింది. మా నాయన హైదరాబాదు తీసుకువెళ్ళి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియం చూపించాడు. అక్కడ గాజుపెట్టెలో ఒక మమ్మీ ఉంది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని తెచ్చి ఏడవ నిజాముకు ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చాడు. అది ఒక రాకుమారి దేహమని చెప్పగానే, "ఈమెది ఏ ఊరు నాయినా?" అని అడిగాను. మా వైపు కొత్తమనిషి ఎదురుపడితే మొదట అడిగేది ఊరే గదా! మా నాయనకు తెలియలేదు. "మిసర్ దేశమట" అని మాత్రం అన్నాడు.

ఆ మిసర్ దేశానికి 2023 జనవరిలో, సంక్రాంతి సెలవులకు మరి నాలుగు రోజులు కలుపుకొని, నేనూ మా ఆవిడా బయలుదేరాము. పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర దింపాము.

కైరో నగరం పొలిమేర దాటీ దాటకముందే గిజా పిరమిడ్లు కనిపిస్తాయి. ఇంచుమించు 4,500 ఏళ్ళ కిందటి ఖూఫూ పిరమిడ్‌కు 23 లక్షల రాళ్ళు పట్టి ఉంటాయని అంచనా. కట్టిన నాటి ఎత్తు 146 మీటర్లు. దూరం నుంచి చూస్తే అచ్చం పుస్తకంలో బొమ్మలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి నిలబడితే అడుగు వరుసలో ఒక్క రాయే నా ఛాతీదాకా వచ్చింది. దాని పెద్దరికం అప్పుడు తెలిసింది. ఇంతలో ఒక ఒంటెవాడు, "ఇండియా? అమితాబ్ బచ్చన్!" అంటూ మా వెంటపడ్డాడు. మా ఆవిడ ఒంటెను ఒకసారి కిందినుంచి మీదికి చూసి, నడకే ఆరోగ్యమని తేల్చేసింది.

మరునాడు ఫుస్తాత్‌లోని నాగరికతా మ్యూజియానికి వెళ్ళాము. 2021 ఏప్రిల్ 3న 22 మంది రాజుల, రాణుల మమ్మీలను పాత మ్యూజియం నుంచి అలంకరించిన వాహనాలమీద ఊరేగించి ఇక్కడికి తెచ్చారు. వారిలో రెండవ రామ్సెస్ ఒకడు. మూడువేల రెండువందల ఏళ్ళ కిందట పోయిన మనిషికి తలవెంట్రుకలు ఇంకా ఉన్నాయి! "మన హైదరాబాదు పిల్లకు మాత్రం ఊరేగింపు లేకపోయె, పాపం" అన్నది మా ఆవిడ.

ఇక ఖాన్ ఎల్ ఖలీలీ బజారు. పద్నాలుగో శతాబ్దం చివర వెలిసిన ఆ సందుల్లో ఇత్తడి దీపాలు, అత్తర్లు, మసాలా దినుసులు గుట్టలు పోసి అమ్ముతున్నారు. మా ఆవిడ బాన్సువాడ అంగడిలో కూరగాయలవాళ్ళను మూడు చెరువుల నీళ్ళు తాగించిన మనిషి. ఒక చిన్న ఇత్తడి దీపానికి చెప్పిన ధరలో మూడోవంతుకు అడిగింది. దుకాణదారు గుండెమీద చేయి పెట్టుకొని నిట్టూర్చి, ఇక ఈ బేరం ఇప్పట్లో తెగదని గ్రహించాడు కాబోలు, "కుర్సీ!" అని లోపలికి కేక వేశాడు. కుర్రవాడు కుర్చీ తెచ్చి వేశాడు. మా ఆవిడ తెల్లబోయింది. కుర్సీ మా ఇంటి మాటే! ఆ పూట చెవి ఒగ్గి వింటే లెక్కను హిసాబ్ అన్నారు, అంగడిని దుకాన్ అన్నారు. ఈ అరబ్బీ మాటలు పారసీ, ఉర్దూల మీదుగా నిజాం కచేరీలకు, అక్కడినుంచి మా వాకిళ్ళలోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి పుట్టింటికి ఇన్నాళ్ళకు మేము చుట్టపుచూపుగా వచ్చామన్నమాట. దీపం సగం ధరకు తెగింది. ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు.

రాత్రి రైలెక్కి దక్షిణాన ఉన్న అస్వాన్‌కు చేరుకున్నాము. అక్కడి బజారులో బుట్టలనిండా ఎర్రగా ఎండిన పూరేకుల వంటివి కనిపించాయి. కర్కదే అని పేరు. మరిగించి, చక్కెర వేసి తాగుతారు. మా ఆవిడ ఒకటి నోట్లో వేసుకొని, "ఏమండీ, ఇది మన పుంటికూర పులుపు!" అన్నది. నిజమే. ఎర్ర గోంగూర కాయకున్న కండగల రక్షకదళాలే అవి. మనం ఆకు వండుకుంటాము, వాళ్ళు కాయమీది పొర కాచుకుంటారు. కిలో కొన్నాము.

అస్వాన్‌లో అందరూ చూసేది నైలుకు అడ్డంగా 1960లో మొదలుపెట్టి 1970లో ముగించిన పెద్ద ఆనకట్ట. 111 మీటర్ల ఎత్తు, మూడు కిలోమీటర్లకు పైబడిన పొడవు. వెనక సుడాన్ లోపలిదాకా సుమారు 500 కిలోమీటర్ల జలాశయం. ఆ నీళ్ళు చూస్తూ నిలబడితే నాకు మా నిజాంసాగర్ గుర్తుకు వచ్చింది.

1923లో మొదలై, అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగు కింద 1931కి మంజీరా మీద పూర్తయిన ప్రాజెక్టు అది. మా పొలాలు పండేది ఆ నీళ్ళతోనే. ఐతే మా నాయనమ్మ పుట్టిన ఊరు దాని అడుగున ఉంది. ఆమె ఏడెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బండ్లు కట్టుకొని ఇటు వచ్చారు. "మా ఊరు నీళ్ళల్ల ఉన్నది బిడ్డా. అన్నీ తెచ్చుకున్నం గని బొడ్రాయిని తేలే" అనేది. చేపలతో కాపురమా అని నేను నవ్వేవాణ్ణి.

తెల్లవారుజామున నాలుగింటికి కారులో ఎడారిగుండా అబూ సింబెల్‌కు బయలుదేరాము. దాదాపు మూడువందల కిలోమీటర్ల దారి. చెట్టు లేదు, పిట్ట లేదు. పొద్దు పొడిచేసరికి ఇసుక పసుపు కలిపిన పిండిలాగా ఉంది. కాసేపటికి దూరాన చెరువు మెరిసింది. మా ఆవిడ సంతోషించేలోగానే ఇంకిపోయింది. ఎండమావులు అనే మాటను ఎన్నో ఏళ్ళుగా పాఠాల్లో చెప్పాను. కంటితో చూడడం అదే మొదలు.

అబూ సింబెల్‌లో కొండముఖాన నాలుగు రామ్సెస్‌లు కూర్చొని ఉన్నారు. ఒక్కొక్కరు ఇరవై మీటర్ల ఎత్తు. ఒకని తల ఏనాడో కూలి కాళ్ళదగ్గర పడి ఉంది. ఆనకట్ట నీళ్ళలో ఈ గుడి మునిగిపోతుందని యునెస్కో ప్రపంచాన్ని సాయం అడిగితే యాభై దేశాల దాకా ముందుకు వచ్చాయి. 1964 నుంచి 1968 దాకా కొండను వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ నంబరు వేసి, 65 మీటర్ల ఎత్తున, 200 మీటర్ల వెనుక మళ్ళీ పేర్చారు. మునిగే నేలను ముందుగా తవ్వి చూడడానికి మన పురావస్తుశాఖవారు కూడా బి.బి. లాల్ నాయకత్వంలో నూబియాకు వచ్చారు. ఇంచుమించు ఆ కాలంలోనే మనం కృష్ణ ఒడ్డున ఇటువంటి పనే చేశాము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించాము.

తిరిగి అస్వాన్ చేరిన సాయంత్రం గర్బ్ సహేల్ అనే నూబియన్ల ఊరికి పడవలో వెళ్ళాము. పడవ నడిపే ముసలాయనకు డెబ్బై దగ్గర ఉంటాయి. మా గైడు ఆయన మాటలను మాకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆనకట్ట కోసం 1963-64లో ఈజిప్టు నూబియన్లు సుమారు యాభైవేల మందిని ఊళ్ళు ఖాళీ చేయించి కోమ్ ఓంబో వైపు తరలించారు. ఈయన అప్పుడు చిన్నపిల్లవాడు.

"బయలుదేరే రోజున మా అమ్మ ఇల్లు ఊడ్చి తాళం వేసింది. నీళ్ళొచ్చే ఇంటికి తాళం ఎందుకమ్మా అన్నాను. మాట్లాడలేదు. ఆ తాళంచెవి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది."

కాసేపు తెడ్డు వేసి మళ్ళీ అన్నాడు: "రామ్సెస్‌ను పైకి ఎక్కించారు. మంచిదే. ఆయన్ని చూడడానికి మీరు వచ్చారు, నా పడవకు బాడుగ దొరికింది."

మా నాయనమ్మ కథ చెప్పాను. ఆయన తెడ్డు ఆపి వరసగా అడిగాడు. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు? ఏటికి ఏ పక్క? మీ వాళ్ళ ఇల్లు ఎటు ముఖం? నాకు ఊరిపేరు తప్ప ఇంకేమీ తెలియదు. రామ్సెస్ రాళ్ళ లెక్క నోటికి వచ్చిన నాకు, మా నాయనమ్మ బొడ్రాయి ఏ దిక్కున ఉండేదో తెలియదు. ఆమె తొంభైదాకా బతికింది. ఒక్కనాడూ నేను అడగలేదు. సిగ్గుపడి నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను.

ఊరికి వచ్చిన మొదటి ఆదివారమే మా మేనత్త ఇంటికి వెళ్ళాను. తల్లి చెప్పిన ముచ్చట్లు విన్న మనిషి మా ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే. మా ఆవిడ కర్కదే కాచి ఇచ్చింది. అత్త ఒక గుక్క తాగి, "పుంటికూర నీళ్ళు తాగెతందుకు గంత దూరం పోయినవారా?" అని నవ్వింది.

నోటుబుక్కు తీశాను. ఊరికి తూర్పున ఊడలమర్రి, మర్రికింద బావి, బావి దాటితే మూడుతొవ్వల కాడ బొడ్రాయి. అత్త చెబుతూ పోయింది. మధ్యమధ్య ఆగి, "అమ్మ ఇట్లనే చెప్పేది" అనేది. పొద్దుగూకేదాకా తొమ్మిది పేజీలు రాశాను.

వచ్చేటప్పుడు అరుగుమీది పెద్దాయన పలకరించాడు. "రాళ్ళు చూసి వచ్చినవా సారూ?"

"చూసిన, తాతా" అన్నాను. "మీ తాతలది ఏ ఊరు?"

ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.