తొమ్మిదో మ్యాచ్ తర్వాత ఏం చేస్తారు?

హాకీ అనగానే మనకు టర్ఫ్, ఒలింపిక్ పతకాలు గుర్తొస్తాయి. నేను చెప్పేది మంచు మీద ఆడే హాకీ గురించి. ఉత్తర అమెరికాలో జరిగే ఎన్‌హెచ్‌ఎల్‌ని కొన్నేళ్లుగా ఫోన్లోనే ఫాలో అవుతున్నా. అక్కడి రాత్రి మ్యాచ్‌లు మనకు తెల్లవారుజామున వస్తాయి. నిద్రకళ్లతో స్కోరు కంటే ముందు వెతికేది ఒకటే... కొత్త కుర్రాణ్ని ఉంచుకున్నారా, వెనక్కి పంపేశారా?

18 ఏళ్లకే డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాడికి మొదటి కాంట్రాక్టు మూడేళ్లు. 18, 19 ఏళ్ల వయసులో సీజన్‌కి పది కంటే తక్కువ మ్యాచ్‌లు ఆడితే ఆ ఏడాది లెక్కలోకి రాదు, కాంట్రాక్టు ముందుకు జరుగుతుంది. పదో మ్యాచ్‌లో దిగాడంటే ఓ ఏడాది కరిగినట్టే. అందుకే తొమ్మిదో మ్యాచ్ దగ్గర అందరికీ టెన్షన్.

లియోన్ డ్రైసైటల్ కథే చూడండి. ఈ జర్మనీ కుర్రాణ్ని 2014లో ఎడ్మంటన్ ఆయిలర్స్ మూడో నంబర్‌గా తీసుకుంది. తొమ్మిది దాటినా ఆపలేదు, 37 మ్యాచ్‌లు ఆడించింది. చేసిన గోల్స్ రెండే! 2015 జనవరిలో జూనియర్ లీగ్‌కి తిప్పి పంపింది. మధ్యలో ఏహెచ్‌ఎల్ అనే రెండో స్థాయి లీగ్ ఉన్నా, కెనడా జూనియర్ల నుంచి వచ్చిన 19 ఏళ్ల కుర్రాణ్ని అందులోకి అప్పట్లో పంపనిచ్చేవారు కాదు. పీజీ కష్టమైతే డిగ్రీ కుదరదు, మళ్లీ ఇంటర్‌కే పో అన్నట్టు!

పరువు పోయిందనుకుంటాం కదా. అతను మాత్రం కెలోనా రాకెట్స్‌తో లీగ్ టైటిల్ గెలిచాడు. జూనియర్లకు పెద్ద టోర్నీ అయిన మెమోరియల్ కప్‌లో, ఫైనల్ ఓడినా, అత్యుత్తమ ఆటగాడయ్యాడు. తర్వాతి సీజన్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో 51 పాయింట్లు. 2020లో లీగ్ మొత్తానికీ విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అతనిదే.

మరి అందర్నీ వెనక్కి పంపడమే మంచిదా? అబ్బే, అలా అనలేం. 2022లో మాంట్రియల్ మొదటి నంబర్‌గా తీసుకున్న స్లొవేకియా కుర్రాడు యురాయ్ స్లఫ్కోవ్‌స్కీని ఏహెచ్‌ఎల్‌కి పంపే వీలున్నా టీమ్ దగ్గరే ఉంచుకుంది. 39 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, ఆపై గాయం. ‘చెడగొట్టేస్తున్నారు’ అని నేనూ తిట్టుకున్నా. మరుసటి సీజన్లో 20 గోల్స్, 50 పాయింట్లు చేసి నా నోరు మూయించాడు.

అప్పట్నుంచి నేను కుర్రాడి గోల్స్ లెక్కపెట్టడం మానేశా. తనకన్నా పదేళ్లు పెద్దవాడు రింక్ గోడకేసి అదిమేసినప్పుడు పక్‌తో బయటికొస్తున్నాడా, లేక భయంతో ముందే వదిలేస్తున్నాడా అని చూస్తా. మొదటి మ్యాచ్‌లో వదిలేస్తే పర్లేదు. తొమ్మిదో మ్యాచ్‌లోనూ అదే చేస్తుంటే మాత్రం, నా ఓటు జూనియర్ లీగ్ బస్సుకే.